పదింటికి అంటే పదింటికే

2023 ఏప్రిల్ 3, సోమవారం. మెక్సికో సిటీలోని ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ నుంచి ఫోన్. అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ మాది, దాని బాధ్యత నాది. పదింటికి రావాల్సినవాళ్ళకు తొమ్మిదింటికి రమ్మని మెసేజ్ వెళ్ళిందట. తాళం తీయకముందే వచ్చిన ఒక పెద్దావిడ గంటసేపు మెట్ల మీదే కూర్చుందట. ఆ మాట వినగానే మనసు చివుక్కుమంది.

డేటాబేస్ తెరిస్తే ఆవిడ పేరు ఎదురుగా 15:00 అని ఉంది. అది యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకు ఆధారంగా పెట్టుకునే ప్రామాణిక సమయం. జనవరిలో బుక్ చేసినప్పుడు, ఏప్రిల్లో మెక్సికో సిటీ యూటీసీకి 5 గంటలు వెనక ఉంటుందని మా సర్వర్ పాత నియమాల ప్రకారం లెక్కేసింది. కానీ అక్కడ డేలైట్ సేవింగ్‌నే, అంటే వేసవికి గడియారాన్ని గంట ముందుకు తిప్పే పద్ధతినే, ఎత్తేశారు. 2022 అక్టోబరు 28న చట్టం వెలువడింది, 30న అమల్లోకి వచ్చింది. ఆ రోజు గడియారాలు ఎలాగూ గంట వెనక్కి తిప్పేవే కాబట్టి అప్పుడెవరికీ తేడా తెలియలేదు. ఏప్రిల్ 2న ముందుకు తిప్పాల్సిన గడియారం కదలకపోవడంతో 6 గంటల తేడా అలాగే ఉండిపోయింది. అప్పటికి మా సర్వర్‌లో కొత్త నియమాలు ఎక్కించాం. దాంతో పాత 15:00 తొమ్మిదిగా మారింది.

అన్నింటికీ ఒక గంట కలిపేద్దామంటే కుదరదు. కొత్త నియమాలు ఎక్కించాక బుక్ చేసినవి సరిగ్గానే ఉన్నాయి. పైగా తిహువానా లాంటి సరిహద్దు ఊళ్ళు ఇప్పటికీ అమెరికాతో పాటే గడియారం మారుస్తాయి, వాటిని ముట్టుకోకూడదు. చివరికి మమ్మల్ని ఆదుకున్నది క్లినిక్ రిసెప్షన్‌లో ఉన్న నోటుపుస్తకం. అందులో ఆవిడ పేరు పక్కన పెన్నుతో "10" అని రాసి ఉంది. నాలుగు రోజులు వాళ్ళు ఫోన్‌లో ఒక్కో పేరూ చదువుతుంటే నేను సరిదిద్దుతూ పోయాను.

అంతకు వారం ముందే లెబనాన్ సంగతి చదివాను. మార్చి 25 అర్ధరాత్రి గడియారాలు ముందుకు తిప్పాల్సి ఉండగా, సరిగ్గా రెండు రోజుల ముందు దాన్ని వాయిదా వేస్తున్నామన్నారు. కొందరు ఒప్పుకోలేదు, ఒకే దేశంలో రెండు టైములు నడిచాయి. మళ్ళీ కొన్ని రోజులకే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. చదివి అయ్యో అనుకున్నానే తప్ప మా డేటా ఒకసారి చూసుకోవాలని తట్టలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఎవరు ఏ నిర్ణయం మార్చినా ప్రపంచంలోని టైమ్ జోన్ల పట్టికను ఎప్పటికప్పుడు సరిదిద్దేది పాల్ ఎగర్ట్, ఆయనతో పనిచేసే స్వచ్ఛంద సేవకులు. వాళ్ళ మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆ మార్పు ప్రతి ఫోనుకూ, ప్రతి సర్వర్‌కూ చేరాలిగా.

ఇప్పుడు మేం రాబోయే అపాయింట్‌మెంట్లను యూటీసీలో దాచడం లేదు. "10:00, మెక్సికో సిటీ" అని ఉన్నదున్నట్టు రాసుకుంటాం. యూటీసీ లెక్క మెసేజ్ పంపేముందే. పట్టిక మారినప్పుడల్లా ఏయే అపాయింట్‌మెంట్ల లెక్క కదిలిందో ఒక చిన్న ప్రోగ్రామ్ నాకు జాబితా ఇస్తుంది. ఆ జాబితా చివరిదాకా చూడందే ఆ రోజు సిస్టమ్ కట్టేయను.