క్లోరిన్‌లో 18.5 న్యూట్రాన్లు ఎందుకు ఉండవు?

తొమ్మిదో తరగతి జవాబు పత్రాల్లో తరచూ కనిపించే లెక్క ఇది: క్లోరిన్ పరమాణు భారం 35.5, ప్రోటాన్లు 17, కాబట్టి న్యూట్రాన్లు 18.5. తీసివేత సరిగ్గానే చేస్తారు, కానీ 17ని తీసివేయాల్సింది 35.5 లోంచి కాదు. కేంద్రకంలో అర న్యూట్రాన్ ఉండదు. ద్రవ్యరాశి సంఖ్య అంటే ఒక్క పరమాణువులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి లెక్కపెట్టిన సంఖ్య, అది ఎప్పుడూ పూర్ణాంకమే. 35.5 మాత్రం సగటు.

గుంటూరు మిర్చి యార్డులో నాలుగు టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా వేశారనుకోండి. మూడు ఒక్కొక్కటి 35 కిలోలు తూగాయి, నాలుగోది 37. మొత్తం 142, సగటు 35.5. ఆ నాలుగింట్లో 35.5 తూగే టిక్కీ ఒక్కటైనా ఉందా? క్లోరిన్ సంగతీ అంతే. ప్రతి నాలుగు పరమాణువుల్లో సుమారు మూడు క్లోరిన్-35, ఒకటి క్లోరిన్-37. మొదటిదానిలో న్యూట్రాన్లు 18, రెండోదానిలో 20. 35, 37 రెండింటినీ కూడి సగం చేసి సగటు 36 అని రాసేవాళ్లు ఈ మూడుకు ఒకటి అనే వాటానే వదిలేస్తున్నారు. (ఆవర్తన పట్టికలో 35.45 అని ఉంటే కంగారు పడొద్దు. క్లోరిన్-35 అసలు ద్రవ్యరాశి 34.969, అంటే 35కి కాస్త తక్కువ. వాటా కూడా కచ్చితంగా ముప్పావు కాదు, 75.77 శాతం.)

రెండింటిలోనూ ఎలక్ట్రాన్లు 17, అమరిక 2, 8, 7. రసాయన చర్యను నడిపేవి ఈ ఎలక్ట్రాన్లే. అందుకే బెజవాడ కుళాయిల్లోకి వచ్చే కృష్ణ నీటిని శుద్ధి చేసే క్లోరిన్‌లో ఈ రెండు ఐసోటోపులూ (ప్రోటాన్లు సమానంగా ఉండి న్యూట్రాన్లు మాత్రం వేరైన రూపాలు) ఉన్నా, రెండూ ఒకేలా పనిచేస్తాయి. క్లోరైడ్ అయాన్‌లో ఎలక్ట్రాన్లు 18 అవుతాయి, కేంద్రకం మాత్రం మారదు. న్యూట్రాన్లు లెక్కించేటప్పుడు ఎలక్ట్రాన్ల జోలికి పోకండి.

ఆర్గాన్-40, కాల్షియం-40 ఐసోటోపులు కావు, ఐసోబార్లు: ద్రవ్యరాశి సంఖ్య ఒకటే, మూలకాలు వేరు. ముందు మూలకం గుర్తు పక్కన కింద రాసే అంకె, అంటే ప్రోటాన్ల సంఖ్య చూడండి: ఆర్గాన్‌కు 18, కాల్షియానికి 20. అది వేరైతే మూలకమే వేరు.

సగటు నుంచి వాటాలు రాబట్టే తిరగేసిన లెక్క కూడా చేయించాలి. బోరాన్ సగటు 10.8, ఐసోటోపులు 10, 11. బోరాన్-10 వాటా x శాతం అనుకుంటే 10x + 11(100 − x) = 1080, కాబట్టి x = 20. సగటు 11కి దగ్గరగా ఉంది కనుక పెద్ద వాటా బోరాన్-11దే కావాలి. 80 శాతం బోరాన్-10 అని వస్తే సమీకరణం రాసేటప్పుడే x ఎవరిదో తారుమారైందన్నమాట.