రంగూన్ రేవు, మా తాత, 1823 గీత

బర్మా (ఇప్పటి మయన్మార్) జాతీయోద్యమ చరిత్ర ఎవరు రాసినా 1930 మే నెల దగ్గర ఆగాల్సిందే. ఆ నెలలో రంగూన్ రేవులో కూలి పెంచమని సమ్మె చేసింది మన తెలుగువాళ్ళు. ఓడల్లో సరుకు ఎక్కించి దించే పని అప్పటిదాకా చాలావరకు వాళ్ళదే. సమ్మెను దెబ్బతీయడానికి బర్మా కూలీలను పన్లో పెట్టుకున్నారు. తీరా మనవాళ్ళతో రాజీ కుదిరాక ఆ బర్మా కూలీలను పొమ్మన్నారు. మే 26న గొడవలు మొదలయ్యాయి. వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే.

ఆ వేడిలోంచే 'దొబామా' సంఘం పుట్టింది. బర్మా మన దేశం, బర్మా భాష మన భాష అన్నది వాళ్ళ నినాదం. తర్వాత స్వాతంత్ర్య పోరాటానికి నాయకుడైన ఆంగ్ సాన్, స్వతంత్ర బర్మా మొదటి ప్రధాని ఊ నూ ఇద్దరూ ఆ సంఘంలో పెరిగినవాళ్ళే. తాము ఎవరో ఒక జాతి గట్టిగా చెప్పుకోవడం మొదలుపెట్టిన చోట, ఎదురుగా నిలబడి ఉన్నది శ్రీకాకుళం, విశాఖ పల్లెల కూలీ.

నేను విశాఖ కంచరపాలెంలో పుట్టి పెరిగాను. స్కూల్లో సోషల్ చెబుతాను. జాతీయవాదం పాఠంలో ఇటలీ, జర్మనీ ఏకీకరణ గురించి ఉంటుంది. పిల్లలకి అది చెప్పాక రంగూన్ రేవు సంగతి కూడా చెబుతాను. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఉండే మా బర్మా క్యాంపు వైపు నుంచి వచ్చే పిల్లలు ఆ రోజు ముందు బెంచీల్లోకి వచ్చి కూర్చుంటారు.

మా తాత శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వెళ్ళాడు. పొలం లేదు. కూలీలను కూడగట్టే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఇంట్లో పెట్టి స్టీమరెక్కాడు. అప్పట్లో కాకినాడ నుంచీ, విశాఖ నుంచీ, భీమిలి నుంచీ కూడా రంగూన్‌కి స్టీమర్లు ఉండేవి. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, ఎందుకంటే బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా ఇండియా వాళ్ళే. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. అప్పటిదాకా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పనికొచ్చిన మనిషి కాస్తా పరదేశం మనిషి అయ్యాడు.

బర్మా వాళ్ళ కోపం ఊరికే వచ్చింది కాదు. ఇది మా ఇంట్లో పెద్దవాళ్ళకి నచ్చని మాట, అయినా చెప్పాలి. 1930ల మాంద్యంలో వరి ధర పడిపోయింది, అప్పులు తీర్చలేక రైతులు భూములు పోగొట్టుకున్నారు. దిగువ బర్మాలో వరి పండే భూముల్లో దాదాపు నాలుగో వంతు తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతికి పోయింది. సొంత రాజధానిలో తాము తక్కువమంది అయిపోతే ఎవరికైనా గుండె మండుతుంది. మనుషుల్ని తెచ్చింది బ్రిటిష్ వాళ్ళు, వడ్డీకి అప్పులిచ్చింది షావుకార్లు. దెబ్బలు తిన్నది మాత్రం బస్తాలు మోసినవాళ్ళు. నాకు బాధ కలిగించేది ఇదే.

1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు లక్షల మంది ఇండియాకి బయల్దేరారు, చాలామంది కాలినడకన. దారిలో వేలమంది పోయారు. మా తాత ఎలాగో బతికి బయటపడి, యుద్ధం అయ్యాక మళ్ళీ రంగూనే వెళ్ళాడు. ఊళ్ళో ఏముందని?

1948 జనవరి 4న స్వాతంత్ర్యం వచ్చింది, ఆ ఏడే పౌరసత్వ చట్టం వచ్చింది. ఆ దేశపు అసలు జాతులంటే ఎవరు అన్నదానికి ఆ చట్టం ఒక గీత గీసింది: క్రీ.శ. 1823కి ముందు నుంచి అక్కడ స్థిరపడినవాళ్ళు. మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధం 1824లో మొదలైంది, గీత దానికి ముందు సంవత్సరం దగ్గర పడింది. మిగతావాళ్ళకి తలుపు మూసెయ్యలేదు. బ్రిటిష్ రాజ్యంలో పుట్టి, చెప్పిన పదేళ్ళలో ఎనిమిదేళ్ళు బర్మాలో ఉన్నవాళ్ళు, ఇక్కడే ఉండిపోతామని రాసిస్తే పౌరసత్వం అడగొచ్చు. తాతకి ఆ అర్హత ఉంది. అడగలేదు. అమ్మా నాన్నా శ్రీకాకుళంలో ఉండగా నేను ఈ దేశం వాడినని ఎలా వేలిముద్ర వేస్తానని ఆయన అనేవాడట. అలా వదిలేసినవాళ్ళు బోలెడుమంది.

అందుకే మా నాన్న రంగూన్‌లో పుట్టినా ఆయన దగ్గర ఉన్నది విదేశీయుల రిజిస్ట్రేషన్ పుస్తకం. ఎఫ్‌ఆర్‌సీ అంటారు మావాళ్ళు. అది నా దగ్గరే ఉంది. అట్ట అంచులు చెదలు తినేశాయి. లోపల నూనె రాసి పాపిడి తీసిన కుర్రాడి ఫోటో, సగం ఫోటో మీద సగం కాగితం మీద పడిన ఊదారంగు సీలు, కింద బొటనవేలి ముద్ర. నాన్నకి బర్మా చదవడం, రాయడం వచ్చు. తెలుగు రాయడం వైజాగ్ వచ్చాక నేర్చుకున్నారు.

1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాలు జాతీయం చేశారు. తాత చిన్న కిరాణా కొట్టు కూడా పోయింది. 1964 మేలో యాభై, వంద చాట్ల (బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నారు. ఇంట్లో దాచుకున్నవి ఆ నోట్లే. ఆ ఏడాదే ఓడెక్కి వైజాగ్ వచ్చారు. ఆ రోజుల్లో మొత్తం మీద మూడు లక్షల మంది దాకా అలా బర్మా వదిలి వచ్చేశారు.

ఇక్కడ వాళ్ళు కాందిశీకులు. అక్కడ ఇండియా వాళ్ళని వెళ్ళగొడితే, ఇక్కడ బర్మా వాళ్ళని వేరుగా చూశారు. నానమ్మ లుంగీ కట్టు, చెంపలకి రాసుకునే తనకా చెక్క గంధం, అరటి దూట వేసి వండే మొహింగా అనే చేపల నూడుల్స్ పులుసు, అన్నీ వింతే. కుళాయి దగ్గర 'బర్మావాళ్ళ బిందె' అని పక్కకి జరిపేవారట. ఇప్పుడు మా చెల్లెలి అపార్ట్‌మెంట్‌లో మొహింగా చేసి పంపితే గిన్నె ఖాళీగా తిరిగొస్తుంది. యాభై ఏళ్ళు పట్టింది.

1823 గీత చెరిగిపోలేదు. బర్మాలో 1982 పౌరసత్వ చట్టం దాన్నే పట్టుకుని పౌరులను మూడు తరగతులు చేసింది. గుర్తించిన 135 జాతుల జాబితాలో పడమటి బర్మా ముస్లింలైన రోహింగ్యాలు లేరు. 2017లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ పారిపోయారు. ఆ వార్తలు టీవీలో వస్తున్నప్పుడు నాన్న అన్నం ముందు కూర్చుని తినలేకపోయారు.

మా అన్నయ్య కూతురు డల్లాస్‌లో ఉంటుంది, హెచ్‌1బీ మీద. అక్కడ పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడేనని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా దంపతుల కొడుకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని కొందరు పిల్లలకి వర్తించకుండా చేయాలని 2025 జనవరిలో ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాడు, విషయం కోర్టులకెక్కింది. ఆ అమ్మాయికి అప్పుడు ఏడో నెల. ఫోన్లో ఒకటే టెన్షన్. అదే వారం ఇక్కడ మధురవాడలో కడుతున్న టవర్ల దగ్గర ఒడిశా, బీహార్ కుర్రాళ్ళ మీద 'వీళ్ళొచ్చి ఊరంతా పాడుచేస్తున్నారు' అని మా బంధువే ఒకాయన అన్నాడు. ఆయన కూడా బర్మా క్యాంపులో పెరిగినవాడే. ఊరుకోలేకపోయాను, తాత బస్తాలు మోసిన రేవు గురించి ఆయనకి గంటసేపు చెప్పాను. కోపం తెచ్చుకున్నాడు, భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు.

రంగూన్ నుంచి వచ్చిన పెద్దవాళ్ళ మాటలు ఇప్పుడు రికార్డు చేస్తున్నాను. ఎనభై దాటినవాళ్ళే ఎక్కువ, అందుకే తొందర. కంచరపాలెంలోనే కాదు, శ్రీకాకుళం, విజయనగరం వైపు కూడా అలాంటి వాళ్ళు మీ ఇంట్లో ఉంటే చెప్పండి. ఆదివారాలు నేనే వస్తాను.