బెంగళూరు తూర్పు వైపు ఇల్లు చూస్తున్నారా? ముందు నీళ్లు, తర్వాత దారి

మ్యాప్‌లో చూస్తే మారతహళ్లి, బెళ్లందూరు, వర్తూరు, కాడుగోడి, కేఆర్ పురం అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. అద్దెల్లోనూ మరీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉండదు. కాపురం పెట్టి చూస్తే మాత్రం ఇవన్నీ వేరువేరు ఊళ్లు. విజయవాడ నుంచో కర్నూలు నుంచో అనంతపురం నుంచో ఉద్యోగం మారి వస్తున్నవాళ్లు నాకు ఫ్లాట్ ఫొటోలు పంపి "ఇది బాగుందా అక్కా?" అని అడుగుతుంటారు. ఫొటోల నిండా స్విమ్మింగ్ పూల్, క్లబ్ హౌస్, పదో అంతస్తు బాల్కనీ. అవి చూసి నేనేం చెప్పగలను? నాకు తెలియాల్సినవి రెండే: ఆ బిల్డింగ్‌కి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, పొద్దున ఆఫీసుకీ స్కూలుకీ వెళ్లాలంటే ఏయే జంక్షన్లు దాటాలి. ఈ రెండూ కుదిరితే మిగతావి సర్దుకోవచ్చు, ఈ రెండూ కుదరకపోతే ఎంత మంచి ఇల్లయినా ఏడాది తిరక్కముందే ఖాళీ చేయాలనిపిస్తుంది.

మేము ముందు మారతహళ్లిలో ఉన్నాం, తర్వాత బెళ్లందూరు వెళ్లాం, ఇప్పుడు కాడుగోడిలో ఉంటున్నాం. మా ఆయన ఆఫీసు ఔటర్ రింగ్ రోడ్డు మీద, నాది వైట్‌ఫీల్డ్‌లోని ఐటీ పార్కు ఐటీపీఎల్ దగ్గర. అత్తయ్య మాతోనే ఉంటారు, బాబు స్కూలుకెళ్తాడు. కాబట్టి నేను చెప్పేది ఇలాంటి ఇంటికి సరిపోయే లెక్క.

నీళ్ల సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ అడగరు. ఈ తూర్పు వైపు ప్రాంతాలు చాలావరకు మొన్నమొన్నటిదాకా పల్లెలు, చిన్న మున్సిపాలిటీలు. 2007లో నగర పాలక సంస్థగా బీబీఎంపీ ఏర్పడినప్పుడు చుట్టుపక్కల 110 గ్రామాలను నగరంలో కలిపేశారు. పన్నులు వెంటనే వచ్చాయి, అపార్ట్‌మెంట్లు అంతకంటే ముందే వచ్చాయి, కావేరి నీళ్లు మాత్రం రాలేదు. ఆ 110 గ్రామాల కోసమే తలపెట్టిన కావేరి ఐదో దశ 2024 అక్టోబర్‌లో మొదలైంది, రోజుకు 775 మిలియన్ లీటర్ల నీళ్లు తెచ్చే పథకం. ఇన్నేళ్లూ ఈ వైపు జనం బతికింది బోర్ల మీద, ట్యాంకర్ల మీద.

ఆ నీళ్లు నగరానికి రాకముందు, 2024 ఎండాకాలం మేము బెళ్లందూరు వెనక ఒక అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. నగరంలో ప్రభుత్వ బోర్లే దాదాపు సగం ఎండిపోయాయని ప్రభుత్వం చెప్పిన ఏడాది అది. మా బిల్డింగ్ బోరు ఫిబ్రవరిలోనే చేతులెత్తేసింది. వాచ్‌మన్ తెల్లారుజామున సంపు మూత తీసి, గీతలు పెట్టిన పొడవాటి కర్ర లోపలికి దించి, తడి ఎంతవరకు అంటిందో టార్చ్ వేసి చూసేవాడు. కర్ర మీద ఒక గీత కంటే తక్కువ తడిసిందంటే ఆ రోజు పైకి మోటారు వేయడు. పొద్దున గంట, సాయంత్రం గంట, అంతే నీళ్లు. అత్తయ్య ఉన్న బకెట్లు, బిందెలు, చివరికి ప్రెషర్ కుక్కర్లు కూడా నింపి వంటింట్లో వరసగా పెట్టేవారు. ట్యాంకర్ వస్తే గేటు దగ్గర హడావుడి, ఇంకో అపార్ట్‌మెంట్ వాళ్లు ఎక్కువ డబ్బిస్తామని దారిలోనే ఆపేస్తారేమోనని టెన్షన్. మాకు వచ్చే ట్యాంకర్ డ్రైవర్‌ది చింతామణి ఊరు, తెలుగు బాగా మాట్లాడతాడు. "నేను ఇంకా నాలుగు చోట్లకి పోవాల మేడమ్, పైపు బిరబిరా పెట్టించండి" అనేవాడు. ఆ నీళ్లు ఒక్కోసారి ఎర్రగా వచ్చేవి, ఒక్కోసారి వాసన వచ్చేవి. డబ్బు కట్టీ ఇలాంటి నీళ్లతో పిల్లాడికి స్నానం చేయించాలంటే ఏ తల్లికైనా కడుపు రగులుతుంది.

అందుకే ఇల్లు చూసేటప్పుడు "కావేరి ఉందా?" అని అడిగి ఊరుకోకండి. బ్రోకర్ "ఉంది సార్" అంటాడు. వీధిలో పైపు వేసినా ఉన్నట్టే ఆయన లెక్కలో. బిల్డింగ్‌కి కనెక్షన్ తీసుకున్నారా, వారానికి ఎన్ని రోజులు వదులుతారు, సంపు ఎంత పెద్దది, ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే కలిపారా లేక వేరేగా వసూలు చేస్తారా, ఇవన్నీ విడివిడిగా అడగాలి. చాలా అపార్ట్‌మెంట్లు కనెక్షన్ కోసం బిల్డింగ్ సైజును బట్టి కట్టాల్సిన ప్రోరేటా చార్జీలు చూసి వెనకాడుతున్నాయి. పాత ట్యాంకర్ బిల్లులు చూపించమని అడిగితే తప్పేమీ లేదు. ఎండాకాలం నెలల బిల్లులు మాత్రమే చూడండి, వానాకాలం బిల్లు చూస్తే ఏమీ తెలియదు.

బెళ్లందూరు, వర్తూరు వైపు ఇంకో విషయం కూడా ఉంది. ఎండాకాలం నీళ్లుండవు, వానాకాలం నీళ్లు వద్దన్నా ఇంట్లోకొస్తాయి. 2022 సెప్టెంబర్ మొదటి వారంలో కురిసిన వానకు యమలూరు, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు మునిగిపోయి ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లిన ఫొటోలు దేశమంతా చూసింది. కోట్లు పెట్టి కొన్న విల్లాల్లో కార్లు తేలాయి. వాన మామూలు వాన కాదు, నిజమే. కానీ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు నీళ్లు పారాల్సిన రాజకాలువల మీద కట్టడాలు లేస్తే ఆ నీళ్లు ఎటు పోవాలి? బెళ్లందూరు చెరువు నగరంలోకెల్లా పెద్దది, సుమారు 900 ఎకరాలు. దాంట్లోంచి వర్తూరు చెరువుకు, అక్కడి నుంచి దక్షిణ పినాకినికి నీళ్లు పోతాయి. ఏళ్ల తరబడి నగరంలోని మురుగులో చాలా భాగం దాంట్లోకే వచ్చి చేరి, డిటర్జెంట్ల నురగ రోడ్డు మీదికి ఎగిరి, 2015లోనూ 2017లోనూ ఆ చెరువుకే నిప్పంటుకుంది. తర్వాత నగరాభివృద్ధి సంస్థ బీడీఏ పూడికతీత చేపట్టింది, అది మంచిదే. అయినా ఆ వైపు ఇల్లు చూసేవాళ్లు కింది అంతస్తులో ఉంటున్న ఎవరినైనా ఆపి "2022లో మీ ఇంట్లోకి నీళ్లొచ్చాయా?" అని అడగండి. ఓనర్ చెప్పకపోయినా పక్కింటివాళ్లు చెప్తారు.

బెళ్లందూరుకు అసలు మంచే లేదని కాదు. ఇద్దరికీ ఆఫీసు ఎకోస్పేస్ దగ్గరో ఎంబసీ టెక్ విలేజ్‌లోనో ఉండి, పిల్లలింకా లేకపోతే, నడిచి ఆఫీసుకు వెళ్లగలిగే దూరంలో ఇల్లు దొరికితే అంతకంటే సుఖం లేదు. రోజూ రెండు గంటలు రోడ్డు మీద పోయేవాడికి ఆ విలువ తెలుస్తుంది. కానీ అక్కడి నుంచి కాడుగోడి వైపు ఆఫీసుకు పోవాలంటే నరకమే. నేను పోయాను కాబట్టి చెప్తున్నాను. వర్తూరు కోడి జంక్షన్ దాటడానికి పట్టే టైమ్‌లో ఇంట్లో వంట అయిపోతుంది. పణత్తూరు రైల్వే బ్రిడ్జి కింది దారి ఎంత పేరు మోసిందో ఆ చుట్టుపక్కల ఉన్న ఎవరినడిగినా చెప్తారు.

మారతహళ్లి గురించి నాకు కొంచెం పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. ఈ నగరంలో తెలుగువాడికి మొదటి ఉద్యోగం వస్తే ముందు అడుగు పెట్టేది ఎక్కువగా అక్కడే. మున్నేకొళాల, ఏఈసీఎస్ లేఅవుట్, కుందలహళ్లి గేటు, ఎక్కడ చూసినా పీజీలు, కర్రీ పాయింట్లు, ఆంధ్రా మెస్‌లు. తోపుడు బండి మీద గోంగూర కట్టలు, దొండకాయలు, పక్కనే ఆవకాయ సీజన్‌లో మామిడికాయ ముక్కలు కొట్టిచ్చేవాళ్లు. శుక్రవారం రాత్రి కళామందిర్ స్టాప్ దగ్గర నిలబడితే హైదరాబాద్, విజయవాడ, నెల్లూరు బస్సుల కోసం బ్యాగులు పట్టుకుని నిలబడ్డ పిల్లలు, "ఎక్కావా? సీటు దొరికిందా?" అని ఫోన్‌లో ఇళ్ల నుంచి అమ్మానాన్నలు. ఆ వాతావరణంలో కొత్తగా వచ్చినవాడికి ఒంటరితనం అనిపించదు. బ్యాచిలర్లకు నేను కళ్లు మూసుకుని మారతహళ్లే చెప్తాను.

కుటుంబానికైతే మాత్రం ఆలోచించమంటాను. పిల్లలు ఆడుకోవడానికి జాగా లేదు, వృద్ధులు నడవడానికి ఫుట్‌పాత్ లేదు. సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా ఔటర్ రింగ్ రోడ్డు వెంట మెట్రో బ్లూ లైన్ పనులు ఏళ్లుగా సాగుతున్నాయి, దుమ్ము కిటికీ ఊచల మీద రోజూ పేరుకుంటుంది. ఆ లైన్ నడవడం మొదలైతే మారతహళ్లి కథే మారిపోతుంది. అప్పుడు మళ్లీ చూద్దాం.

కేఆర్ పురం పేరు చెప్పగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్‌లో ట్రాఫిక్ జామ్, హ్యాంగింగ్ బ్రిడ్జి కింద హారన్లు, అంతవరకే చూసి వెళ్లిపోతారు. లోపలికి వెళ్లి చూడండి. సొంతిళ్లున్న పాత వీధులు, సంత, గుడి, తక్కువ ధరకు కూరగాయలు. మెట్రో పర్పుల్ లైన్‌లో కేఆర్ పురం నుంచి కాడుగోడి దాకా 2023 మార్చిలో మొదలైంది, బయ్యప్పనహళ్లికి మధ్యలో మిగిలిన ముక్క అదే ఏడాది అక్టోబర్‌లో కలిసింది. రైల్వే స్టేషన్, మెట్రో, బస్సు మూడూ ఒకే చోట ఉండటం ఈ మహానగరంలో చాలా తక్కువ ప్రాంతాలకు ఉన్న అదృష్టం. కాకినాడ వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది. కుప్పం నుంచి రోజూ రైల్లో వచ్చి పనులు చేసుకుని వెళ్లేవాళ్లున్నారు. కోలారు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఎక్కువ కాబట్టి పాలబ్బాయి, టైలరు, మందుల షాపు అతను, అందరితోనూ తెలుగులో పని జరిగిపోతుంది. పెద్దవాళ్లను తీసుకొచ్చి ఉంచుకునేవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో, రోజంతా ఇంట్లో ఒంటరిగా కూర్చునే అమ్మనో అత్తనో అడిగితే తెలుస్తుంది. అక్కడ ఇల్లు కొనేవాళ్లు మాత్రం ఖాతా, అంటే కార్పొరేషన్‌లో ఉండే ఆస్తి రికార్డు, చూసుకోవాలి. అన్నీ సక్రమంగా ఉన్న ఏ ఖాతానా, లోపాలున్న బీ ఖాతానా అన్నది లాయరుతో చెక్ చేయించుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

కాడుగోడి మాకు కుదిరింది. కారణం మెట్రో ఒక్కటే కాదు. వైట్‌ఫీల్డ్ రైల్వే స్టేషన్ ఉంది, సాయిబాబా బృందావన్ ఆశ్రమం ఉంది, గుండె జబ్బులకు ఉచితంగా చికిత్స చేసే సత్యసాయి ఆసుపత్రి ఐటీపీఎల్ దగ్గర్లోనే ఉంది. ఆశ్రమం పుణ్యమాని మన జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పాత కుటుంబాలు ఉన్నాయి. అత్తయ్యకు సాయంత్రం భజనకు తోడు దొరికింది, ఇక నేనేం కోరుకోవాలి. 335ఈ బస్సు ఎక్కితే మెజెస్టిక్ దాకా దిగే పని లేదు. కర్ణాటక చిరునామాతో గుర్తింపు కార్డు ఉంటే ఆడవాళ్లకు మామూలు బస్సుల్లో టికెట్ కూడా ఉండదు. లోటు లేదా అంటే ఉంది. మెట్రో వచ్చాక అద్దెలు పెరిగాయి, హోప్ ఫామ్ జంక్షన్ సాయంత్రం కదలదు, స్టేషన్ దిగాక ఇంటికి చేరడానికి ఆటోవాళ్లతో బేరం తప్పదు. చన్నసంద్ర వైపు కొన్ని లేఅవుట్లు ఇప్పటికీ ట్యాంకర్ల మీదే నడుస్తున్నాయి.

హోసకోటె దాకా వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. చవకే, గాలీ బాగుంటుంది, ఆదివారం తెల్లారుజామున దమ్ బిర్యానీకి క్యూ కట్టే ఊరు అది. కానీ ఆఫీసు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉంటే వద్దు.

స్కూళ్లు అన్ని చోట్లా ఉన్నాయి, అన్ని చోట్లా ఖరీదే. ఇక్కడ ఏ బోర్డు స్కూల్లో చేర్పించినా కన్నడం నేర్చుకోవాల్సిందే, పెద్ద క్లాసుల్లో వచ్చే పిల్లలకు మొదట్లో కొంచెం కష్టం. మా వాడు వీధిలో ఆడుకుంటూనే సగం నేర్చేసుకున్నాడు.

ఇల్లు చూడ్డానికి మాత్రం దయచేసి ఆదివారం పొద్దున వెళ్లకండి. ఆ టైమ్‌కి బెంగళూరంతా బాగానే ఉంటుంది. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఆరున్నరకు మీ ఆఫీసు నుంచి బయల్దేరి ఆ ఇంటికి వెళ్లండి, ఎంతసేపు పట్టిందో చూసుకోండి. వెళ్లాక హాలూ బాల్కనీ చూడకముందు కిందకి దిగి సంపు మూత తీయించండి. వాచ్‌మన్‌తో నిదానంగా మాట్లాడండి, ఆయనకు ఓనర్ కంటే ఎక్కువ తెలుసు. అడ్వాన్స్ గురించి ఆ తర్వాతే మాట్లాడండి, అడిగినంతా ఒప్పుకోకండి, ఈ మధ్య ఐదారు నెలల అద్దె అడ్వాన్స్‌కి కూడా ఇళ్లిస్తున్నారు.