మొదటి అధ్యాయం నాకొచ్చింది

పొద్దున లేవగానే ఫోన్ ముట్టుకోకూడదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇవాళ కూడా ముట్టుకున్నాను. గీతా జయంతి పారాయణలో ఎవరికి ఏ అధ్యాయమో పెద్దావిడ రాత్రే మా గ్రూపులో పెట్టేశారు. పద్దెనిమిది అధ్యాయాలు, పద్దెనిమిది మందిమి. మొట్టమొదటి పేరు నాదే. అర్జున విషాద యోగం. రెండో అధ్యాయమేమో ఈ మధ్యే చేరిన ఒకావిడకి వెళ్ళింది.

ఆర్నెల్ల నుంచీ రెండో అధ్యాయం పట్టుకుని కూర్చున్నది నేను. 72 శ్లోకాలు. అందులో ఆఖరి 19, అంటే స్థితప్రజ్ఞుడి గురించి, బుద్ధి చలించకుండా నిలిచినవాడి గురించి, అర్జునుడు అడిగిన ప్రశ్న నుంచి చివరిదాకా, పుస్తకం చూడకుండా చెప్పగలను. ఆ సంగతి పెద్దావిడకీ తెలుసు. తెలిసి కూడా!

వెంటనే గ్రూపులో రాశాను, "చాలా సంతోషం అమ్మా, ఏది ఇచ్చినా కృష్ణుడి ప్రసాదమే" అని. పక్కన రెండు దణ్ణాల బొమ్మలు. ప్రహ్లాదుడి గుణాలు చెబుతూ పోతన, ఆటల్లో కూడా అబద్ధమాడని పిల్లవాడంటాడు. నేను దణ్ణం పెడుతూ ఆడాను.

తర్వాత పనిలో పడ్డానన్న మాటే గానీ బుర్ర అక్కడే తిరుగుతోంది. ఆ కొత్తావిడ ఉచ్చారణ నాకంటే బాగుంటుందా? క్రితం నెల ఒత్తులు సరిగ్గా పలకలేదని పెద్దావిడ నాకొకసారి చెప్పారు, అది మనసులో పెట్టుకున్నారా? కొత్తవాళ్ళని ప్రోత్సహించాలని ఇచ్చారా? అలాగైతే పాతవాళ్ళ మాటేమిటి? మా ఆయన వచ్చి తన కళ్ళజోడు చూశావా అని అడిగితే, "ఇంట్లో ప్రతి వస్తువుకీ నేనే కాపలానా" అని విరుచుకుపడ్డాను. పాపం, ఆయనకీ భగవద్గీతకీ ఏ సంబంధమూ లేదు. కళ్ళజోడు మాత్రం ఆయన చొక్కా జేబులోనే ఉంది.

పదకొండింటికి గుర్తొచ్చింది, పదింటికి అత్తయ్యకి ఇవ్వాల్సిన బీపీ మాత్ర ఇవ్వలేదని. మాత్రల డబ్బా తీస్తుంటే నవ్వొచ్చింది, నాకు బాగా నోటికొచ్చిన శ్లోకమే గుర్తొచ్చి. "ధ్యాయతో విషయాన్ పుంసః." దేన్నైనా పదేపదే తలుచుకుంటుంటే దానిమీద సంగం, అంటే అంటుకుపోవడం, పుడుతుంది, సంగం నుంచి కామం, కామం నుంచి క్రోధం, క్రోధం నుంచి సమ్మోహం, దాన్నుంచి స్మృతి చెదరడం, అక్కడితో బుద్ధి నాశనం. అక్కడ స్మృతి అంటే మాత్రలు వేసే టైము కాదు, మంచీచెడూ తెలిపే ఎరుక. అయినా వరస మాత్రం తప్పలేదు. పైగా ఈ మెట్లలో కోపం నాలుగోది. నేను ఇన్నాళ్ళూ కోపాన్ని పట్టుకుని ఆపాలని చూస్తున్నాను. మొదటి మెట్టు దగ్గర ఏముంది? ధ్యానం! తప్పుపని కూడా కాదు, ఊరికే తలుచుకోవడం. పొద్దున ఏడింటి నుంచీ నేను చేసింది అదే. విషయాలంటే డబ్బూ నగలూ అనుకునేదాన్ని. ఒక అధ్యాయం కూడా విషయమే అవుతుందని ఇవాళే తెలిసింది.

సరే, గ్రూపును మ్యూట్ చేశాను. తాబేలు అవయవాలను లోపలికి లాక్కున్నట్టు ఇంద్రియాలను విషయాల నుంచి వెనక్కి తీసుకున్నవాడి ప్రజ్ఞ నిలకడగా ఉంటుందని 58వ శ్లోకం. నేనూ లాక్కున్నాను. పది నిమిషాలకోసారి డొప్పలోంచి తల బయటపెట్టి, ఎవరెవరు ఏం రాశారో చూసి, మళ్ళీ లోపలికి. ఆ తర్వాతి శ్లోకమే దీనికి జవాబు. ఉపవాసం ఉన్నవాడి నుంచి విషయాలైతే తొలగిపోతాయిగానీ వాటిమీద రుచి పోదు, పరమాత్మను చూసినప్పుడే అదీ పోతుందంటాడు. తాబేలు గురించి అందరూ చెబుతారు. ఈ "రసవర్జం", అంటే రుచి తప్ప, అన్న మాటే నన్ను ఎప్పుడూ ఆపుతుంది. అలవాట్లు మానేసిన మనిషిని చూసి మెచ్చుకుంటాం గానీ ఆ మనిషికి లోపల ఏం ఊరుతోందో ఎవరికి తెలుస్తుంది?

మాత్ర ఆలస్యమైనందుకు అత్తయ్య ఒక్క మాట అనలేదు. "ఓ గంటలో ప్రాణం పోతుందా ఏంటి" అని నీళ్ళు తెమ్మంది, అంతే. అప్పుడు అనిపించింది, ఇవాళ రాసుకోవడానికి బాగుంటుందని. పుస్తకాలు బట్టీపట్టిన కోడలూ, ఏ శ్లోకమూ రాని స్థితప్రజ్ఞురాలైన అత్తగారూ. ఇలాంటి కథలు మనకెన్ని లేవు! కానీ మధ్యాహ్నం సీరియల్ మధ్యలో కరెంటు పోతే ఆవిడ గంటసేపు అందర్నీ తిట్టింది, నాతో సహా. కాబట్టి ఆ టపా రాయడం లేదు. ఆవిడ ఆవిడే. మాత్ర విషయంలో మంచిది, సీరియల్ విషయంలో కాదు.

అసలు ఎవరు స్థితప్రజ్ఞులో తేల్చే పని మనకి చాలా ఇష్టం. ఎన్నికల్లో ఓడిపోయిన నాయకుడు కెమెరా ముందు నవ్వుతూ మాట్లాడితే పేపర్లో వెంటనే ఆ మాట వేసేస్తారు. అర్జునుడు అడిగింది కూడా మొదట అలాగే ఉంటుంది. స్థితప్రజ్ఞుడు ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు? బయటికి కనిపించే గుర్తులు కావాలన్నట్టే. కృష్ణుడి జవాబు మాత్రం 18 శ్లోకాల పాటు సాగినా, స్థితప్రజ్ఞుడు నెమ్మదిగా మాట్లాడతాడనీ కళ్ళు మూసుకుని కూర్చుంటాడనీ ఎక్కడా ఉండదు. మనసులోని కోరికలన్నీ వదిలి తనలో తానే తృప్తిగా ఉంటాడు. దుఃఖంలో కలత పడడు, సుఖం కోసం అర్రులు చాచడు. రాగమూ భయమూ కోపమూ పోయినవాడు. నదులన్నీ వచ్చి చేరుతున్నా పొంగని సముద్రంలాంటివాడు. అన్నీ లోపలివే. పక్కింటివాణ్ణి వీటితో కొలవాలంటే కొలత ఎక్కడ పెట్టాలి? వాడి కోపం పోయిందో, మింగేశాడో తెలిసేది వాడికే.

శంకరాచార్యులు ఈ చోట భాష్యంలో చెప్పిన ఒక మాట నాకు చాలా ఇష్టం. అధ్యాత్మ శాస్త్రంలో సిద్ధుడికి ఏవి లక్షణాలో సాధకుడికి అవే సాధనాలుగా చెబుతారు, ఎందుకంటే అవి ప్రయత్నంతో సాధించాల్సినవి అంటారు ఆయన. అంటే ఈ జాబితా ఎవరినో గుర్తుపట్టడానికి ఇచ్చింది కాదు, చేసి చూసుకోమని ఇచ్చింది. ఇది ఎన్నోసార్లు చదివాను. చదివి, పెద్దావిడ సమదృష్టి ఎంతో కొలవడానికి వాడాను.

పన్నెండో అధ్యాయంలో భక్తుడి లక్షణాలు ఉంటాయి, దేన్నీ ద్వేషించనివాడు, నిందనీ స్తుతినీ ఒకేలా తీసుకునేవాడు. పద్నాలుగులో గుణాతీతుడు, అంటే మూడు గుణాలనూ దాటినవాడు, వస్తాడు. ఇవి కొంచెం అటూఇటూగా ఒకేలా ఉంటాయి. నన్ను ఇరికించేది పదమూడో అధ్యాయం. జ్ఞానం అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టి, ఇరవై గుణాలు వరసగా చెబుతాడు. ఆత్మ, బ్రహ్మం లాంటి పెద్ద మాట ఏదో ముందు వస్తుందనుకుంటాం కదా. మొదటి మాట అమానిత్వం. నన్ను గౌరవించాలి, నాకు ఇవ్వాల్సింది ఇవ్వాలి అనే పట్టింపు లేకపోవడం. రెండోది అదంభిత్వం, లేని గొప్ప పైకి చూపించకపోవడం. నా దణ్ణాల బొమ్మలు రెండూ దానికిందికే వస్తాయి.

సాయంత్రం దీపం పెట్టాక మొదటి అధ్యాయం తీశాను. నిజం చెప్పాలంటే ఇన్నేళ్ళలో దాన్ని శ్రద్ధగా చదివింది లేదు. యుద్ధంలో ఎవరెవరు నిలబడ్డారో ఆ పేర్లే కదా అని దాటేసేదాన్ని. 47 శ్లోకాలు. మొదటిది ధృతరాష్ట్రుడి ప్రశ్న. ధర్మక్షేత్రే కురుక్షేత్రే వరకూ రాగం బాగానే కుదిరింది. రెండో పాదం తర్వాత "మామకాః" దగ్గర ఆగిపోయాను. నావాళ్ళు. తమ్ముడి కొడుకులు పాండవులట, తన కొడుకులు నావాళ్ళట. రెండో అధ్యాయం చివర, ఆఖరి శ్లోకానికి ముందున్న దాంట్లో, శాంతి పొందేవాణ్ణి "నిర్మమో నిరహంకారః" అంటాడు. "నాది" అనే ఆ "మమ"లోంచి వచ్చిందే కదా ఈ మామకాః! ఆర్నెల్ల నుంచీ నిర్మమః అని రాగం తీస్తున్నాను, ఆ మమ ఏమిటో చెప్పే శ్లోకం నాలుగు పేజీల ముందే ఉంది. పొద్దున్నించీ నేనన్నది కూడా "నా అధ్యాయం" అనే.

ఇంకొంచెం ముందుకెళితే అర్జునుడు తన పరిస్థితి చెప్పుకుంటాడు. అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరెండిపోతోంది, ఒళ్ళు వణుకుతోంది, గాండీవం చేతిలోంచి జారిపోతోంది, మనసు తిరిగిపోతున్నట్టుంది. రెండు సైన్యాల మధ్య రథంలో, అంతటి విలుకాడు, తన సారథితో దాచకుండా అంటున్న మాటలివి. నేనైతే ఆ చోట కూడా రెండు దణ్ణాలు పెట్టి బాగానే ఉన్నాననేదాన్నేమో.

రాత్రి పడుకోబోతూ పెద్దావిడకి విడిగా మెసేజ్ రాయడం మొదలుపెట్టాను. రెండో అధ్యాయం నాకు ఇస్తారనుకున్నాను, రాకపోయేసరికి కొంచెం బాధపడ్డాను అని. మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపాను. ఒకసారి ఫిర్యాదులా ఉంది, ఒకసారి గొప్పలా ఉంది, మూడోసారి రెండూ కలిసి ఉన్నాయి. పంపలేదు. గ్రూపు మాత్రం ఇంకోసారి తెరిచి చూశాను, రెండో అధ్యాయం ఆవిడ "భయంగా ఉంది, ఎవరైనా నేర్పిస్తారా" అని అడిగింది. ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. నేనూ ఇవ్వలేదు. రేపు చూడాలి.

మొదటి అధ్యాయంలో వచ్చే శంఖాల పేర్లు కూడా రేపే. పాంచజన్యం, దేవదత్తం, పౌండ్రం, అనంతవిజయం దాకా సరే. సుఘోష నకులుడిదా సహదేవుడిదా అన్న దగ్గర ప్రతిసారీ తడబడుతున్నాను.