అంబాసిడర్‌కి వాలే సీట్ల కోసం విశాఖ దాకా

మా అంబాసిడర్ 1969 నాటిది, మార్క్ టూ. ముందు సీటు బెంచీ. గేరు రాడ్డు స్టీరింగు కిందే ఉంటుంది కాబట్టి డ్రైవరు పక్కన ఇద్దరు హాయిగా పడతారు. ఒళ్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుంటే ఎంతమంది పడతారో మా నాన్నగారికే తెలియాలి. చిక్కల్లా ఏమిటంటే, ఆ సీటు జరిపితే మొత్తం ఒక్కసారే జరుగుతుంది. నాది ఆరడుగుల ఎత్తు, మా ఆవిడ ఐదడుగులు దాటదు. నా మోకాళ్ల కోసం వెనక్కి జరిపితే ఆవిడ కాళ్లు గాల్లో ఊగుతాయి. ఆవిడ కోసం ముందుకు తెస్తే స్టీరింగు నా తొడల మీదకొస్తుంది. ఇక వీపు వాలడమన్న మాటే లేదు.

రాజమండ్రిలో కుషన్ పనివాళ్లు లేక కాదు. కవర్లు కుట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు కావలసింది విడివిడిగా జరిగి, వెనక్కి వాలే సీట్ల లోపలి ఇనప చట్రం. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గనక ఆ చట్రం పాత బండి నుంచే రావాలి. గాజువాక ఆటోనగర్‌లో అయితే దొరక్కపోదని మా బావమరిది అన్నాడు. వాడు స్టీల్ ప్లాంటులో పనిచేస్తాడు, ఆ వీధులన్నీ వాడికి కొట్టినపిండి. సీటు బండిలో పెట్టి చూస్తే తప్ప తేలదు కాబట్టి రైలు మానేసి కారులోనే బయల్దేరాం.

కత్తిపూడి దాకా హుషారుగానే వెళ్లాం. అన్నవరంలో కొండెక్కి దండం పెట్టుకుని, విస్తరాకులో ప్రసాదం తీసుకుని మళ్లీ కూర్చునేసరికి నడుం మొరాయించింది. తుని దాటాక ప్రతి టీ కొట్టూ నాకు విశ్రాంతి మందిరమే. 1489 సీసీ ఇంజను ఆ వయసులోనూ ఎక్కడా ముక్కలేదు, మూలగలేదు. ఆ పని నేను చేశాను. అనకాపల్లిలో బెల్లం కొందామని ఆవిడ అంటే, బండి దిగే వంక దొరికిందని వెంటనే ఆపేశాను.

ఆటోనగర్‌లో లారీల మధ్య అంబాసిడర్ ఆగగానే నలుగురు చేరారు. పాత సీట్ల కొట్లో ముందుగా చూపించినవి ఓ చిన్న కారువి. వాలతాయి, తేలిక, చవక. కానీ తల ఆన్చుకునే భాగం వీపులోనే కలిసిపోయి ఉంది. అంబాసిడర్ బెంచీ వీపు పొట్టిగా, పైఅంచు అడ్డంగా ఒకే గీతలా ఉంటుంది. బయట నుంచి అద్దంలోంచి కనిపించేది ఆ గీతే. దాని మీద రెండు బుర్రలు నిక్కి చూస్తే ఇంక పాతకారు ముఖం ఎక్కడిది?

తరవాత ఓ పెద్ద బండివి తీశారు. చేతులు పెట్టుకునే ఆసరాలతో సహా సింహాసనాలే. మా బావమరిది కూర్చుని లేవనన్నాడు. "బావగారూ, ఇవి వేయించేయండి, రాజమండ్రి దాకా నిద్రపోవచ్చు" అన్నాడు. డ్రైవరు నిద్రపోతే ఎలారా అన్నాను. పైగా వాటి ఎత్తుకి నా తల టాపుకి తగులుతుంది. ఇలాంటి సీటు కొనేముందు మెత్తదనం కాదు, కింద నుంచి కూర్చునే చోటి దాకా ఎత్తు టేపుతో కొలవాలి. ఓ అంగుళం తేడా అక్కడ చిన్నదిగా కనిపిస్తుంది, గతుకు వచ్చినప్పుడు తెలుస్తుంది.

వాలే సీటు పాతకారుకి అతకదని కొందరంటారు. నేనొప్పుకోను. అమెరికాలో నాష్ కంపెనీ 1936లోనే కారులో పడక అమర్చి అమ్మింది, 1950 నాటికి ముందు సీట్లు వెనక్కి వాలేలా చేసింది. జర్మనీలో పోర్షాకి బాడీలు కట్టిన రాయిటర్ వాళ్లే 1963లో రెకారో పేరుతో సీట్ల కంపెనీ అయ్యారు. అంటే మా బండి పుట్టేనాటికి వాలడం కొత్త విద్యేమీ కాదు. బ్రిటన్‌లో పాత ఎంజీబీ స్పోర్ట్స్ కార్లవాళ్లు చాలామంది మాజ్దా ఎంఎక్స్-5 అనే కొత్తకాలపు స్పోర్ట్స్ కారు సీట్లు వేసుకుంటారు, సన్నగా ఉండి ఇరుకు కారులో పడతాయని. అలాగని అవి వేసుకుంటే కొత్తవి కొత్తగానే కనిపిస్తాయి. సీటు వయసు చెప్పేది లోపలి యంత్రం కాదు, పైన కుట్టు, అంచున తాడులా ఉబ్బి ఉండే పైపింగు, వీపు ఎత్తు. అందుకని సుఖం చట్రంలో వెతకాలి, పాతదనం దర్జీ చేత కుట్టించాలి.

అసలు సరుకు మరో యార్డులో, టార్పాలిన్ కింద దొరికింది. 1992లో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్ 1800 బండివి, విడివిడి ముందు సీట్లు. ముదురు బూడిదరంగు గుడ్డ, నూనె మరకలు, ఎలుకలు కొరికిన స్పాంజి. ఆవిడ ముక్కు మూసుకుంది. నాకు మాత్రం పండగే. హెడ్‌రెస్టు విడిగా ఊడివస్తుంది, వీపు మరీ పొడుగు కాదు, అన్నిటికీ మించి ఇదే శరీరం ఉన్న బండిలోంచి వచ్చినవి.

విశాఖలో ఇనుము కొనేటప్పుడు ఉప్పుగాలిని మర్చిపోకూడదు. వాలు లీవరు లోపల చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది తుప్పుపట్టి అరిగితే ఓ రోజు బ్రేకు వేసినప్పుడు వీపు జారిపోతుంది. సీటు వీపు పైమూలలు రెండు చేతులతో పట్టుకుని బట్ట పిండినట్టు మెలితిప్పి చూశాను. ఒకదానిలో కొంచెం వదులు ఉంది. యార్డాయన "వెల్డింగు పెట్టేత్తే రాయిలాగుండిపోద్ది బాబూ" అన్నాడు. ఆ పళ్లకి గట్టిదనం వేడిచేసి చల్లార్చిన పద్ధతిలో వస్తుంది, మళ్లీ మంట తగిలితే మెత్తబడుతుంది. వద్దని, మూడో సీటొకటి బయటికి లాగించి దాని లీవరు సెట్టు తీసి దీనికి వేయించాను. గుండ్రటి నాబు తిప్పే రకం కూడా ఉంటుంది, వాలు సన్నగా సర్దుకోవచ్చు. కానీ తలుపు మూశాక సీటుకీ తలుపు స్తంభానికీ మధ్య నా చెయ్యి దూరదు. లీవరే నయం.

కుషన్ మేస్త్రి షెడ్డు అక్కడికి దగ్గరే. బండి చుట్టూ ఓసారి తిరిగి, బెంచీ మీద చెయ్యేసి నొక్కి, "ఏటి బాబూ, ఇంత మంచి స్ప్రింగులు తీసీమంటారా?" అన్నాడు. తీసి దాచమంటున్నానని చెప్పాను. పాతికేళ్ల కిందటైతే బెంచీని రెండుగా కోయించేవాణ్నేమో, ఇప్పుడు కోయకూడదు. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా రిజిస్టరు చేయించుకోవాలంటే అది తన అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో మార్పులు ఉండకూడదు. ఫీజు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అక్షరాలు. అలా చేయిస్తే ఆ బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పడానికి లేదు, ప్రదర్శనలూ ర్యాలీలూ లాంటి వాటికే. అన్నవరం వెళ్లాలనుకునే నాకు తొందర లేదు. రేపు మావాడికి ఆ బుద్ధి పుడితే మాత్రం బెంచీ, దాని పాత బోల్టు రంధ్రాలు ఎక్కడివక్కడ ఉండాలి.

మేస్త్రి నేలకి ఒక్క కొత్త రంధ్రం పెట్టలేదు. బెంచీ బోల్టుల చోటికి సరిపడేలా మందపాటి పట్టీ ఇనుముతో అడుగుచట్రం చేయించి, దాని మీద కొత్త సీట్ల పట్టాలు బిగించాడు. బోల్టుల తలల మీద గట్టిదనం చెప్పే 8.8 అంకె ఉందో లేదో నేనే చూసుకున్నాను. అడుగుచట్రం వల్ల పెరిగిన ఎత్తుని కింది స్పాంజి కోసి తగ్గించాడు. కూర్చునే చోట 40 డెన్సిటీ ఫోమ్, నడుం దగ్గర చిన్న ఉబ్బు.

ఆ కుట్టుపని నడుస్తుండగా మమ్మల్ని ఆర్‌కే బీచ్‌కి తీసుకెళ్లాడు మా బావమరిది. అక్కడ మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామి నౌకాదళంలో చేరింది 1969 డిసెంబరులో. మా కారూ అదే ఏడు పుట్టింది కదా అని సరదాగా లోపలికి వెళ్లాం. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరుతుంటే నా నడుం ఏం పాపం చేసిందా అనిపించింది. టార్పెడోల పక్కన నావికుల పడకలు చూశాక సీటు గురించి ఇంత రభస చేస్తున్నందుకు ఆవిడ నన్నో చూపు చూసింది. బయటికొచ్చి మురీ మిక్స్చర్ తింటూ ఆ చూపుని మర్చిపోయాం.

రెగ్జిన్ ఎంపిక పూర్ణా మార్కెట్ దగ్గరి సందులో జరిగింది. తోలు వేయిద్దామని బావమరిది పట్టు. మన తేమకి తోలు బూజుపడుతుంది, సాదా రెగ్జిన్ అయితే వీపుకి అంటుకుంటుంది. చివరికి ముదురు ఎరుపు రెగ్జిన్, నిలువు గాడులతో. గాడుల మధ్య కాస్త గాలి ఆడుతుంది, పాత బెంచీకున్నవీ అవే. అంచున తెల్ల పైపింగు. రెండు సీట్ల మధ్య ఖాళీలోకి అదే గాడులు కలిసేలా ఓ కుషను పెట్టెలా కుట్టమన్నాను. పక్కనుంచి చూస్తే బెంచీ కాదని పట్టుకోవడం కష్టం. ఎవరూ లేనప్పుడు అందులో నీళ్లసీసాలు పెట్టుకోవచ్చని ఆవిడ కనిపెట్టింది.

హెడ్‌రెస్టు దగ్గరే అందరూ నా మీద పడ్డారు, అందం చెడుతుందని. అమెరికాలో 1969 జనవరి నుంచి కొత్త కార్ల ముందు సీట్లకి అవి తప్పనిసరి. అంటే అవీ మా బండి ఈడువే. వెనక నుంచి ఎవడైనా గుద్దితే మెడని కాపాడేది అదొక్కటే. ప్రదర్శనకైతే ఊడదీస్తాను, హైవే మీద ఉండాల్సిందే.

భీమిలి రోడ్డులో పరీక్షకి వెళ్లాం. కుర్చీలా నిటారుగా కాకుండా వీపు కాస్త వాల్చి, నూరు డిగ్రీల పైచిలుకు పెట్టుకున్నాను. రుషికొండ దాటినా నడుం నన్ను పిలవలేదు. పక్కసీటు ఆవిడకి కావలసినంత ముందుకి జరిగింది, కాళ్లు నేలకి ఆనాయి. పూర్తిగా పడుకోబోతే ఒప్పుకోలేదు. అంతగా వాలిస్తే బెల్టు భుజాన్ని వదిలేస్తుంది, ఢీకొంటే మనిషి దాని కిందనుంచి జారిపోతాడు. పడుకోవాలంటే చెట్టుకింద బండి ఆపాకే.

మేస్త్రి లెక్క చెప్పేటప్పుడు తలుపుల లోపలి ప్యాడ్లు తట్టి చూపించాడు. కొత్త ఎరుపు పక్కన అవి వెలిసిపోయి మట్టిరంగులో ఉన్నాయి. "ఇవి ఇలగే ఉంటే బాగోదు కదండీ. వెనక సీటు కూడా ఉంది. సంక్రాంతి వెళ్లాక తెచ్చీండి" అన్నాడు. ఆ ఎరుపు మళ్లీ దొరుకుతుందో లేదోనని ఆవిడ అప్పుడే పూర్ణా మార్కెట్‌కి తమ్ముణ్ని పంపించి మరో తానుముక్క తెప్పించింది.