అప్‌గ్రేడ్ అయిపోయాక మిగిలే పని

"పదకొండు గంటలు గడవకుండానే మళ్లీ ఎందుకు లాగిన్ అయ్యావు?" సోమవారం మీటింగ్‌లో మా టీమ్ లీడ్ అందరి ముందూ అడిగారు. ఆవిడ గొంతు పెంచలేదు, కానీ నాకు గట్టిగానే తగిలింది. శనివారం రాత్రి కొత్త వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చేసిన డేటాబేస్ ఎలా ఉందని అడుగుతారనుకున్నాను.

నేను పనిచేసే జర్మనీలో చట్టమే అది. ఒక రోజు పని ముగించాక మళ్లీ మొదలుపెట్టే లోపు 11 గంటల విశ్రాంతి ఉండాలి. మంచి చట్టం, కాదనను. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. శనివారం రాత్రి సర్వర్ లేచి అప్లికేషన్ కనెక్ట్ అవగానే ఆఫీసువాళ్ల దృష్టిలో అప్‌గ్రేడ్ అయిపోయింది. నా దృష్టిలో అసలు పని అప్పుడే మొదలైంది.

మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్. దాని 12వ వెర్షన్‌కి సపోర్ట్ 2024 నవంబరుతో ఆగిపోయింది, అందుకే 16కి వెళ్లాం. వెర్షన్ మార్చే టూల్ పీజీ_అప్‌గ్రేడ్ టేబుళ్లన్నీ తెస్తుంది కానీ, డేటాను ఏ దారిలో వెతకాలో తేల్చే ప్లానర్‌కు కావలసిన స్టాటిస్టిక్స్, అంటే ఏ టేబుల్లో ఎలాంటి డేటా ఎంత ఉందన్న లెక్కలు, తీసుకురాదు. 2025లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి చాలావరకు తెస్తోంది, మాకా అదృష్టం లేదు. ఆ లెక్కలు లేని ప్లానర్, ఊరికి బదిలీపై కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ లాంటిది. ఒక్క ఉత్తరం కోసం వీధంతా తిరుగుతుంది. నిన్నటిదాకా క్షణంలో వచ్చిన రిపోర్టు ఎంతకీ రాదు. అందుకే ఆ లెక్కలను మళ్లీ సేకరించే అనలైజ్‌ను విడతలుగా నడుపుతాం. ఎంత వివరంగా సేకరించాలో చెప్పే స్టాటిస్టిక్స్ టార్గెట్ మొదట 1, తర్వాత 10, చివరికి మామూలుగా ఉండే 100. మొదటి విడత త్వరగా అయిపోతుంది, ప్లానర్‌కు కనీసం దారి తెలుస్తుంది.

డేటాను త్వరగా వెతకడానికి వరుసలో కట్టిపెట్టే ఇండెక్సుల సంగతి ఇంకా టెన్షన్. ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా సెంట్‌ఓఎస్ 7 నుంచి పైకి మార్చాం. అక్షరాల వరుసను నిర్ణయించే సిస్టమ్ లైబ్రరీ జీలిబ్‌సీ 2.28లో ఆ క్రమం మారింది. పాతదాంట్లో 11 ముందు, 1-1 తర్వాత. కొత్తదాంట్లో తిరగబడింది. పాత వరుసలో కట్టిన ఇండెక్సును కొత్త వరుసతో వెతికితే, ఉన్న కస్టమర్ కూడా లేడంటుంది. ఒకే విలువ రెండుసార్లు రాకుండా ఆపాల్సిన యూనిక్ ఇండెక్సైతే డూప్లికేట్లను లోపలికి రానిస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు, అదే భయం. టెక్స్ట్ ఇండెక్సులన్నీ సర్వర్ ఆపి ఉంచే డౌన్‌టైమ్‌లోనే రీఇండెక్స్ చేద్దామని, అంటే మళ్లీ కడదామని, ముందే అడిగాను. సమయం చాలదన్నారు. యూనిక్ వాటిని రాత్రే పూర్తిచేసి, మిగతావి ఆదివారం పొద్దున్నే పట్టుకున్నాను. సోమవారం జనం వచ్చాక చేస్తే బాగుండేదా?

హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు నిద్ర సంగతి ఎవరూ అడిగేవాళ్లు కాదు, నిజమే. అదనపు పనికి బదులిచ్చే సెలవు, కాంప్ ఆఫ్, కాగితం మీదే ఉండేది. కానీ తెల్లవారుజామున పక్క సీటు తమ్ముడు "అన్నా, నువ్వెళ్లి పడుకో, రీఇండెక్స్ నేను చూస్కుంటా" అనేవాడు. ఏ చట్టమూ చెప్పకుండానే అనేవాడు. ఇక్కడ నన్ను పడుకోమని చెప్పడానికి చట్టముంది, నా బదులు కూర్చోవడానికి మనిషి లేడు. ఆ ఆదివారమంతా ఆ గొంతు కోసమే ప్రాణం కొట్టుకుంది.

ఆవిడ మనసులో చెడు లేదని తెలుసు. మీటింగ్ అయ్యాక విడిగా పిలిచి, "ప్లాన్‌లో రాయి, ఈ పనులకు గంటలు వేయిస్తాను" అన్నారు, అన్నట్టే వేయించారు. వచ్చే అప్‌గ్రేడ్ ప్లాన్‌లో అనలైజ్‌కు, రీఇండెక్స్‌కు, డేటాబేస్‌కు తగిలించిన ఎక్స్‌టెన్షన్ల అప్‌డేట్‌కు వేర్వేరు వరుసలున్నాయి. రెండో మనిషి పేరు రాయాల్సిన గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. ప్రతి మీటింగ్‌లోనూ అడుగుతున్నాను.