నది అవతలి ఒడ్డున పుట్టిన రికార్డులు

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు సెయింట్ లూయిస్‌లో దిగిన తెలుగువాళ్ళకి మొదటి వారంలోనే అందే సలహా ఒకటుంది. ఇల్లు చెస్టర్‌ఫీల్డ్ వైపో బాల్విన్ వైపో చూసుకోండి, మిసిసిపీ నది దాటి ఇల్లినాయి రాష్ట్రం వైపు మాత్రం పోకండి అని. గుడి, ఇండియన్ స్టోర్లు, పిల్లలకి మంచి స్కూళ్ళు అన్నీ పడమటి సబర్బుల్లోనే ఉన్నాయి కాబట్టి చెప్పేవాళ్ళు మన మంచికే చెప్తారు. కానీ నాకు ఉద్యోగం నది అవతలే దొరికింది. అల్యూమినియం కరిగించి కార్ల విడిభాగాలు పోతపోసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే పని, అదీ నైట్ షిఫ్ట్. రాత్రి పదకొండుకి లోపలికి పోతే పొద్దున ఏడింటికి బయటికి.

అక్కడికి దగ్గర్లో బెల్‌విల్ అనే ఊరుంది. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు స్థిరపడ్డ ఊరు. చుట్టుపక్కల నేల కింద బొగ్గు ఉండేది. పైన ఇనప స్టవ్‌లు పోతపోసే ఫౌండ్రీలు, స్టాగ్ బీరు తయారుచేసే బ్రూవరీ ఉండేవి. ఒక్కొక్కటే పోయాయి. బ్రూవరీ 1988లో మూతపడింది. దానికి ఏడాది ముందు ఇదే ఊళ్ళో హైస్కూల్ స్నేహితులు ముగ్గురు, జే ఫరార్, జెఫ్ ట్వీడీ, మైక్ హైడార్న్ కలిసి అంకుల్ టుపెలో పేరుతో బ్యాండ్ మొదలుపెట్టారు. ట్వీడీ తండ్రి రైల్వే ఉద్యోగి. పెద్ద నగరాల రికార్డు కంపెనీల చూపు పడని ఊరి పిల్లలు వీళ్ళు.

వీళ్ళ సంగతి నాకు చెప్పింది మా లైన్‌లో డైలు, అంటే పోత అచ్చులు, సెట్ చేసే పెద్దాయన. యాభై దాటిన మనిషి, పుట్టి పెరిగింది బెల్‌విల్‌లోనే. రాత్రి రెండింటికి ఇచ్చే బ్రేక్‌లో తన సీడీ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇంటికి పోయేటప్పుడు కార్లో విను, నువ్వు రోజూ పోయే రోడ్డే ఇందులో ఉంది" అన్నాడు. అది 1990లో వచ్చిన 'నో డిప్రెషన్'. మొదటి పాటే నైట్ షిఫ్ట్ గురించి. ఇంకాస్త ముందుకి పోతే ఫ్యాక్టరీ బెల్టు దగ్గరే తన బతుకు తెల్లారిపోకూడదని మొండికేసే కుర్రాడి పాట ఉంది. పొద్దున ఏడున్నరకి, ఎదుటి ఎండకి కళ్ళు చికిలిస్తూ ఆ పాటలు విన్నాను. రాసినవాళ్ళకి అప్పుడు ఇరవయ్యేళ్ళ పైన కొంచెమే అంటే నమ్మబుద్ధి కాలేదు.

వినగానే అందరికీ ఎక్కే సంగీతం కాదిది. ముందు నెమ్మదిగా అమెరికా పల్లెల కంట్రీ పాటలాగా సాగుతుంది, పెడల్ స్టీల్ గిటారు జాలిగా పలుకుతుంది. ఒక్కసారిగా అంతా ఆగుతుంది. మరుక్షణం డ్రమ్స్, కరెంటు గిటార్లు రెట్టింపు వేగంతో మీద పడతాయి. మళ్ళీ ఆగుతుంది. డై మూసుకుని, లోహం దూసుకొచ్చి, ఒక్క క్షణం నిశ్శబ్దం తర్వాత డై తెరుచుకునే మా మెషీన్ల మధ్య రాత్రంతా నిలబడేవాడికి ఆ ఆగడం, అందుకోవడం వింతగా అనిపించదు.

కంట్రీ పాటని పంక్ అనే దూకుడు రాక్ వేగంతో కొట్టడం వీళ్ళతో మొదలు కాలేదు. 1980ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లోనూ నాష్‌విల్‌లోనూ అలాంటి బ్యాండ్లు పుట్టాయి, వాటికి కౌపంక్ అని పేరు పడింది. నాష్‌విల్‌లో 'జేసన్ అండ్ ద స్కార్చర్స్' 1983లో తెచ్చిన 'ఫర్వర్' అనే చిన్న రికార్డు వింటే ఆ ఊపు తెలుస్తుంది. ఆ జేసన్ రింగెన్‌బర్గ్ కూడా ఇల్లినాయి వాడే. షెఫీల్డ్ అనే పల్లెలో పందుల ఫారం నడిపే ఇంట్లో పెరిగాడు. మిస్సోరీలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి మోరెల్స్ అనే బ్యాండ్ 1982లో 'షేక్ అండ్ పుష్' రికార్డు చేసింది. ఆ బ్యాండ్ మనిషి లూ విట్నీ ఆ ఊళ్ళోనే స్టూడియో పెట్టుకుని, 2014లో చనిపోయేదాకా చుట్టుపక్కల కుర్ర బ్యాండ్లకి రికార్డులు చేసిపెట్టాడు. ఇలాంటి మనిషి ఒక్కడుంటే ఒక ప్రాంతానికి తన గొంతు మిగులుతుంది.

అంకుల్ టుపెలో కంట్రీ, పంక్ రెండు వైపుల నుంచీ తీసుకుంది. ఆ మొదటి రికార్డు పేరు 1936లో పాతతరం కంట్రీ బృందం కార్టర్ ఫ్యామిలీ రికార్డు చేసిన భక్తిపాటది. రెండో రికార్డులో కాలిఫోర్నియా పంక్ బ్యాండ్ మినిట్‌మెన్ గిటారిస్టు, చిన్న వయసులో ప్రమాదంలో పోయిన డి. బూన్ పేరు మీద ఒక పాట ఉంది. ఒకటి ముత్తాతల తరం, ఇంకొకటి అన్నల తరం. రెండింటినీ ఒకే గౌరవంతో పాడారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది మూడోది, 1992 నాటిది. దాని పేరే 'మార్చ్ 16–20, 1992'. ఆ ఐదు రోజుల్లో జార్జియాలోని ఏథెన్స్‌లో రికార్డు చేశారు, ఆర్.ఈ.ఎం. బ్యాండ్ గిటారిస్టు పీటర్ బక్ ప్రొడ్యూసర్. నిర్వానా అనే రాక్ బ్యాండ్ దెబ్బకి దేశమంతా గిటార్ల హోరులో ఉన్న రోజుల్లో వీళ్ళు కరెంటు గిటార్లు పక్కనపెట్టి బాంజో, మాండలిన్ పట్టుకున్నారు. అందులో బొగ్గుగని కార్మికుల పాట ఒకటుంది. కెంటకీలో గని పనివాళ్ళ ఇంట పుట్టిన శారా ఓగన్ గన్నింగ్ ఎప్పుడో కట్టిన పాట అది.

ఆ పాట నన్ను పట్టుకోవడానికి కారణం ఉంది. మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేరాడు. తట్టతో బొగ్గెత్తి టబ్బుల్లో నింపే పని. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన పొద్దున కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునేవాడు. మేం క్వార్టర్ ముందు గోలీలాడుతుంటే అమ్మ బయటికొచ్చి, వేలు నోటిమీద పెట్టి కళ్ళెర్రజేసేది. డ్యూటీ సైరన్ కూతని బట్టే మా కాలనీలో టైమ్. బొగ్గు బాయి దగ్గర గేటు మీటింగుల్లో నాయకుల ఉపన్యాసాలకంటే ముందు డప్పు, గొంగడి, పాట. అందుకే పని గురించి పాట కట్టడం నాకు కొత్తేం కాదు. అమెరికాలోనూ ఆ పాట ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మనదాకా వచ్చిన అమెరికా వేరు, అందులో బొగ్గు మసి లేదు.

ఒక ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకి ఆ పాట వినిపించాను. ఒళ్ళంతా హూనమయ్యేలా చేసినా చివరికి దక్కేది కంపెనీ కొట్టులో ఖర్చయిపోయే ఒక డాలరేనని పాడుతున్నారు నాన్నా, అని అర్థం చెప్పాను. ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుని పూర్తిగా విన్నాడు. "గేటు మీటింగ్ పాటే గదరా ఇది. వీళ్ళకి గూడ బాయిలున్నయా?" అన్నాడు. ఉండేవని, నేనుండే చోటుకి దగ్గర్లోనే ఉండేవని చెప్తే, ఎంత లోతు, పైకప్పుకి దిమ్మెలు పెట్టేవాళ్ళా అని అడగడం మొదలుపెట్టాడు. నేను అమెరికా వచ్చిన తర్వాత నాన్న ఇక్కడి సంగతి ఒకటి అంత ఆసక్తిగా అడగడం అదే మొదలు.

సెయింట్ లూయిస్‌కి దక్షిణంగా ఫెస్టస్ అనే ఊరుంది. దాన్ని ఆనుకుని ఉన్న క్రిస్టల్ సిటీ ఒకప్పుడు గాజు ఫ్యాక్టరీ మీద బతికింది, అదీ మూతపడింది. అంకుల్ టుపెలోకి గిటార్లు సరిచేసి పెట్టే బ్రయన్ హెన్నెమన్ ఆ ఫెస్టస్ వాడు. తర్వాత అతను బాటిల్ రాకెట్స్ బ్యాండ్ పెట్టాడు. 1993, 1994లో వచ్చిన వాళ్ళ మొదటి రెండు రికార్డులు ఈ ప్రాంతం గురించి ఎవరు ఏమడిగినా నేను చూపించే సాక్ష్యం. వెయ్యి డాలర్లకి పాత కారు కొని, దాని రిపేర్లకి ఇంకా పోసేవాడి పాట ఒకటి. చలికాలంలో ట్రెయిలర్ ఇల్లు తగలబడి పోయిన కుటుంబం పాట ఒకటి. ప్రభుత్వ సాయం మీద పసిబిడ్డని పెంచుకునే అమ్మాయి పాట ఇంకొకటి.

ఈ చివరి పాట గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వీకెండ్ గెట్ టుగెదర్లలో మనవాళ్ళ నోట ఒక మాట తరచుగా వింటాను. మనం కట్టే ట్యాక్సులతో పనీపాటా లేనివాళ్ళు కూర్చుని తింటున్నారని. మా ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకమ్మాయి ఉంది. బిడ్డని తల్లి దగ్గర పడుకోబెట్టి రాత్రి పనికొస్తుంది, పొద్దున పోయి బిడ్డని స్కూలుకి తయారుచేస్తుంది. ఎనిమిది గంటలు నిలబడే పని చేసినా తిండికి ప్రభుత్వం ఇచ్చే కార్డు లేకపోతే నెల గడవదు. హెన్నెమన్ పాటలోని అమ్మాయిని ఎవరూ తీసిపారేయకుండా, జాలి కూడా ఒలకబోయకుండా చూపించాడు. చిన్న ఊళ్ళో పక్కింటి మనిషిని చూసే చూపు అది. వీసా, గ్రీన్ కార్డు ప్రయారిటీ డేట్, ఇంటి లోను టెన్షన్లలో మునిగిన మనకి ఆ చూపు అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. నాకు ఈ పాటలు ఆ పని చేసిపెట్టాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 'నో డిప్రెషన్' బోస్టన్‌లో పది రోజుల్లో, 3,500 డాలర్ల ఖర్చుతో తయారైంది. చిన్న కంపెనీ రాక్‌విల్ విడుదల చేసింది. మొదటి మూడు రికార్డుల హక్కులు, రాయల్టీ రాబట్టుకోవడానికి ఆ బ్యాండ్ కోర్టుకెక్కాల్సి వచ్చింది. అవి 2003లో మళ్ళీ మంచి రూపంలో విడుదలయ్యాయి. అప్పటికి బ్యాండ్ లేదు. 1994 మే 1న సెయింట్ లూయిస్ నది ఒడ్డున మిసిసిపీ నైట్స్ క్లబ్బులో చివరి కచేరీ చేసి విడిపోయారు. ఫరార్ సన్ వోల్ట్ అనే బ్యాండ్ పెట్టాడు, ట్వీడీ విల్కో బ్యాండ్‌తో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. లోకం ట్వీడీ వైపు మొగ్గింది కానీ నా ఓటు ఫరార్ గొంతుకే. బరువైన గొంతు, ఏ మాటనీ అందంగా చెప్పాలని తాపత్రయపడదు.

బాటిల్ రాకెట్స్ కూడా 2021లో ఆగిపోయింది. రికార్డులు మాత్రం దొరుకుతాయి. అంకుల్ టుపెలో మొదట్లో వాయించిన సిసెరోస్ బేస్‌మెంట్ అనే బార్ ఒకప్పుడు ఉండిన డెల్మార్ వీధిలోనే వింటేజ్ వినైల్ అనే దుకాణం ఉంది. కొత్తగా సెయింట్ లూయిస్ వచ్చి, శనివారం ఎటు పోవాలో తోచనివాళ్ళు అక్కడికి పొండి. ముందు ఆ 1992 రికార్డు అడగండి. బాంజో చప్పుడు నచ్చకపోతే బాటిల్ రాకెట్స్ రెండోది, 'ద బ్రుక్లిన్ సైడ్' తీసుకోండి. తర్వాత కారు తీసి, వంతెన దాటి, ఆ పాటలు పెట్టుకుని బెల్‌విల్ దాకా ఒకసారి పోయి రండి. పగటి పూట అరగంట దారి.